మేనత్త చేతి ఓట్స్ నలుగు

ఊర్మిళకు లోకంలో సగం రోత. మిగతా సగం అనుమానం. పక్కింటి వాళ్ళు గిన్నెలో కూర పంపితే మూత కూడా తీయకుండా పనిమనిషికి ఇచ్చేస్తుంది. బస్సులో పక్కసీటు మనిషి ఒక్క తుమ్ము తుమ్మాడంటే జనగామ వచ్చేదాకా ముక్కు మీది కొంగు దించదు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడి బొటనవేలు పప్పులో మునిగిందా లేదా అని చూడడంతోనే ఆమె ఆకలి తీరిపోతుంది. “దేవుడు ముందుగాల నీ ముక్కు చేసిండు, మనిషిని చేసుడు యాది మరిచిండు” అంటాడు ఆమె భర్త శశిధర్. కాలేజీలో గుమాస్తా ఆయన. ఇంట్లో ఆయన ధైర్యం చేసి అనగలిగేది ఆ ఒక్క మాటే.

అలాంటి మనిషి ఓట్స్ నలుగుపిండి చేసి అమ్మి పేరు తెచ్చుకుందంటే వింతే. ఎందుకంటే నానిన ఓట్స్ అంత రోత పదార్థం ఆమె వంటింట్లో మరొకటి లేదు. పొడిగా ఉన్నంతసేపు ఓట్స్ పెద్దమనిషి తరహాలోనే ఉంటాయి. మిక్సీలో వేసి, పల్చటి గుడ్డలో జల్లిస్తే విభూతిలా మెత్తగా రాలతాయి. పాలు పోశామా, ఇక చూడాలి. చీమిడిలా సాగుతుంది, వేళ్ళ సందుల్లోంచి జారుతుంది, గంటసేపు మరిచిపోతే పులిసి కంపు కొడుతుంది. ఊర్మిళ దాన్ని ఏనాడూ చేత్తో ముట్టలేదు. గరిటెతో కలుపుతుంది, చెంచాతో తీస్తుంది. అమ్మకం కోసం ఫోన్‌లో పెట్టే వీడియోల్లో కనిపించే చేతులు ఆమె కూతురు శ్రేయవి. తల్లి మాట్లాడుతుంది, కూతురు కలుపుతుంది. “ఏ చర్మమూ మురికిది కాదండీ, ప్రేమగా ముట్టుకుంటే సగం బాధ అక్కడే పోతుంది” అని ఊర్మిళ తియ్యగా చెబుతుంటే, వందలమంది ఆడవాళ్ళు వీడియో కింద కామెంట్లలో దండాలు పెడుతుంటారు. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే నీతులున్నాయని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ ఓట్స్ కథ మొదలైంది శైలజ వల్ల. శైలజ ఊర్మిళ అన్న కూతురు. అన్న ఉపేందర్ బచ్చన్నపేటలో పత్తి పండిస్తాడు, ఊరి రాజకీయాల్లో తిరుగుతాడు. బిడ్డకు బడి వయసులోనే సోరియాసిస్ పట్టుకుంది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వీపు మీద, తలలో ఎర్రటి బిళ్ళలు. వాటి మీద తెల్లటి పొట్టు. గీరితే రాలుతుంది, గీరకపోయినా రాలుతుంది. హనుమకొండలో పెద్ద డాక్టరుకు చూపించిన రోజు ఊర్మిళ కూడా వెంట ఉంది. ఇది అంటేది కాదు, ముట్టుకుంటే రాదు, మందులు వాడుతూ ఉండాలి అని ఆయన విడమరచి చెప్పాడు. సబ్బు మానేసి, ఓట్స్ పొడి నీళ్ళలో కలిపి ఒంటికి పట్టిస్తే దురద కాస్త నెమ్మదిస్తుందని కూడా చెప్పాడు. ఊర్మిళ ఆ చివరి మాట పట్టుకుని ఇంటికొచ్చింది. ముందు మాట ఆ గదిలోనే వదిలేసి వచ్చింది.

అప్పటి నుంచి జనగామ నుంచి బచ్చన్నపేటకు ఎవరు వెళ్ళినా వాళ్ళ చేతిలో ఓట్స్ పొడి ప్యాకెట్ ఉండేది. పిల్లకు నిజంగానే కొంచెం హాయిగా ఉండేది, రాత్రిళ్ళు గీరుకోవడం తగ్గింది. వదిన రాణి ఊరంతా చెప్పుకుంది. “మేనత్త గాదు, ఇంకో తల్లి” అన్నారు జనం. ఆ మాట మీదే వ్యాపారం లేచింది. ప్రకటనకు బొమ్మ కావాలంటే శైలజ మోచేతి ఫోటో పెట్టింది, అడగకుండానే. దాని పక్కన ‘వాడిన తరువాత’ అని పెట్టిన నున్నటి మోచెయ్యి శ్రేయది. ఆ సంగతి తల్లీకూతుళ్ళిద్దరికే తెలుసు. ఆ రోజు నుంచి శ్రేయ తల్లి మొహంలోకి సూటిగా చూసి మాట్లాడడం తగ్గించింది.

ఇంతా చేసి, ఆ ఇంకో తల్లి శైలజను ముట్టుకుని ఏళ్ళయింది. బిళ్ళలు వచ్చిన కొత్తలో ఒకసారి పిల్ల పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసింది. ఊర్మిళ కట్టుకున్నది నల్లచీర. పిల్ల వదిలాక చూస్తే కుచ్చిళ్ళ మీద తెల్లగా పొట్టు. ఊర్మిళ పెరట్లోకి వెళ్ళి కక్కుకుంది. ఆ తరువాత ఆ పిల్ల దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో ఏదో ఒక పని ఉండేది, ఒళ్ళో ఏదో ఒక సంచి ఉండేది. జబ్బు అంటదని ఆమెకు తెలుసు. తెలిస్తే రోత పోతుందా? బుద్ధి చెప్పే మాట కడుపు వింటుందా?

శైలజకు చిల్పూర్ సంబంధం కుదిరింది. పిల్లాడు నరేందర్ బడిపంతులు. అంతా తెలిసే చేసుకుంటున్నాడు. మాటలయ్యాక రెండుసార్లు ఆమెను దవాఖానకు తానే తీసుకెళ్ళాడు కూడా. కాబట్టి పెళ్ళికి ఏ ఢోకా లేదు. ఢోకా అంతా ఊర్మిళకే వచ్చింది. ఆ ఇంట్లో పెళ్ళికూతురికి మొదటి నలుగు మేనత్త పెట్టాలి. పెళ్ళి దగ్గర పడ్డాక శైలజ ఫోన్ చేసింది.

“అత్తమ్మా, పసుపు, సున్నిపిండి నాకు పడయి, మండుతది. నీ ఓట్స్ నలుగే తీస్కరా.”

“తేకుంట ఎట్లుంటనే బిడ్డా.”

“ఇంకొకటి అడగాల్నా? నువ్వు నీ చేత్తోటి పెట్టాలె. బుగ్గల మీద ఒక్కటే గాదు. చేతులకు, వీపుకు గూడ. అందరు నన్ను ముట్టనీకె భయపడ్తరు అత్తమ్మా. నువ్వు ముందు పెడితే ఆళ్ళు గూడ పెడ్తరు.”

“పిచ్చిదానా, నేను పెట్టకపోతే ఎవలు పెడ్తరు?” అంది ఊర్మిళ. గొంతులో తేనె, కడుపులో రోత. ఫోన్ పెట్టేసి గ్లాసుడు నీళ్ళు తాగితేగానీ నిమ్మళించలేదు.

పిల్ల అడిగింది మణులా, మాణిక్యాలా? ఒక్క చెయ్యి. దాన్ని తప్పించుకోవడానికి ఊర్మిళ పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. రబ్బరు తొడుగులు వేసుకుంటే? నలుగురిలో నవ్వులపాలు. జ్వరమంటే? శశిధర్ నిజం చెప్పేస్తాడు. బయట చేరానని చెబుతామా అంటే, అవి ఆగిపోయాయని వదినకు తానే చెప్పుకుని ఏడ్చింది. చివరికి ఓట్స్ పొడి డబ్బా, పాల సీసా పట్టుకుని, కూతురిని వెంటేసుకుని, ఉరికంబం ఎక్కబోయేదానిలా బచ్చన్నపేట చేరింది.

ఇంటి ముందు పచ్చటి పందిరి. వాకిట్లో ముగ్గు వేసి, పీట వేసి, చుట్టూ దారం చుట్టారు. పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. ఊర్మిళ ఇత్తడి గిన్నెలో ఓట్స్, పాలు గరిటెతో కలుపుతూ కూర్చుంది. ఎండకు అప్పుడే వాసన మారుతున్నట్టు అనిపించి ముక్కు బిగించింది. అప్పుడే బోరు కాలువ పక్కన దట్టంగా పెరిగిన గరిక కనబడింది. కనబడగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. వెళ్ళి ఒక గుప్పెడు కోసి, పసుపు దారంతో కట్టి, గిన్నె పక్కన పెట్టుకుంది.

శైలజను తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఏ ఎండలోనైనా మణికట్టు దాకా చేతులున్న జాకెట్ వేసుకునే పిల్ల, ఆ రోజు పొట్టి చేతుల, వెడల్పు మెడ పాత జాకెట్ వేసుకుంది. మోచేతుల మీద బిళ్ళలు ఎర్రగా, పెద్దగా, ఎవరి కంటికైనా కనబడేటట్టు ఉన్నాయి. వచ్చిన ఆడవాళ్ళ కళ్ళు ఒక్కసారి అటు వెళ్ళి, వెంటనే పందిరి గుంజలను, మామిడాకులను, సొంత గాజులను చూడడం మొదలుపెట్టాయి. ముందు వరసలో ఉన్న ఒకావిడ చాప వెనక్కి లాక్కుంది. ఇంకొకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పొయ్యి పొగ అని గొణిగింది. శైలజ ఇవేవీ చూడలేదు. మేనత్తను చూస్తోంది. చెయ్యి ముందుకు చాపి, చిన్నపిల్లలా నవ్వుతోంది.

ఊర్మిళ గరిక కట్ట గిన్నెలో ముంచింది.

“గదేందే?” అంది పీట పక్కనే కూర్చున్న పెద్దవ్వ. ఊర్మిళకు తండ్రి తరఫు పెద్ద మేనత్త ఆమె, ఇంట్లో అందరికంటే పెద్దది.

“గరికతోటి పెట్టుడు మన ఇంటి పాత పద్ధతి గదా పెద్దవ్వా. మా నాయినమ్మ గిట్లనే పెట్టేది. గరిక ఎంత అల్లుకుంటే వంశం అంత అల్లుకుంటదట.”

“మీ నాయినమ్మ నన్ను కన్న తల్లేనే పిల్లా. గడ్డి పట్టంగ నేనెన్నడు జూడలె.”

“నీకు యాదిలేదేమో” అంది ఊర్మిళ. “ఉంటదిలే పెద్దవ్వా, మంచి పద్ధతే” అని వెనక నుంచి అప్పటికప్పుడే నాలుగు గొంతులు లేచాయి. ఆ నాలుగు గొంతుల్లోనూ ఎంత సంబరమో! తప్పించుకునే దారి వెతుక్కుంటున్న వాళ్ళకు ఊర్మిళ దారి వేసి, ముగ్గు కూడా పెట్టి ఇచ్చింది.

శైలజ నవ్వు మొహం మీదే ఉంది గానీ, చాపిన చెయ్యి కొద్దిగా కిందికి దిగింది. ఊర్మిళ గరికతో బుగ్గలు తడిమింది, మెడ తడిమింది. మోచేతుల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, చూపు పక్కకు తిప్పి, గబగబా రుద్దేసింది. కోసిన గరిక మొదళ్ళు పుల్లల్లా బిరుసుగా ఉన్నాయి. పచ్చి బిళ్ళల మీద అవి గీసుకుపోతుంటే శైలజ కాలివేళ్ళు పీటను కరుచుకున్నాయి. ఊర్మిళ తరువాత కట్ట చేతులు మారింది. ఒకరి తరువాత ఒకరు వచ్చి, చెయ్యంత దూరం నుంచి, చేతులకూ భుజాలకూ వీపుకూ గోడకు సున్నం కొట్టినట్టు కొట్టి, గరిక పక్కవాళ్ళకు అందించి వెళ్ళారు. రాణి ఒక్కతే గరిక పక్కన పెట్టి, బిడ్డ రెండు చేతులు తన చేతుల్లోకి తీసుకుని నలుగు పెట్టింది. తల్లి కదా, తల్లి లెక్కలోకి రాదన్నట్టు అందరూ చూస్తూ ఊరుకున్నారు.

ఇక మిగిలిన నలుగు. పెళ్ళికూతురికి పెట్టగా గిన్నెలో మిగిలింది పెళ్ళికాని పిల్లలు పూసుకుంటే వాళ్ళకూ జల్ది సంబంధం కుదురుతుందని ఆ ఇంట్లో నమ్మకం. ఏ పెళ్ళిలోనైనా ఆ గిన్నె కోసం పిల్లలు గుంజులాడుకుంటారు, ఒకరి జడలొకరు పీక్కుంటారు. ఊర్మిళ పెళ్ళికి పిల్లలు ఆ గిన్నె నాకినంత పని చేసి తుడిచారని రాణి ఇప్పటికీ చెబుతుంది.

“ఏర్రా ఆడపిల్లలు? రాండ్రి!” అని పిలిచింది పెద్దవ్వ.

ఒక్కరూ లేవలేదు. ఒక పిల్ల లేవబోతే తల్లి తొడ మీద గిల్లి కూర్చోబెట్టింది. ఒకామె కూతురికి ఉన్నట్టుండి తలనొప్పి వచ్చింది. ఇంకొకామె కూతురు మొన్ననే డబ్బు పెట్టి మొహానికి ఏదో చేయించుకుందట, ఏమీ పూయకూడదట. గిన్నెలో సగం నలుగు అలాగే ఉంది. దాని మీద ఒక ఈగ వాలింది. అంతమంది మంచి చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని, ఆ ఈగ వంక చూస్తూ కూర్చున్నారు. ఛీ, ఏం మనుషులు! నలుగు కంపు కొట్టిందో లేదో గానీ, ఆ వాకిలి మాత్రం ఆ క్షణాన కంపు కొట్టింది.

శైలజ తల వంచుకుంది. రాణి కళ్ళు తుడుచుకుని గిన్నె తీయబోయింది.

“అత్తమ్మా, ఆగు. నేనున్న గద” అంటూ వెనక నుంచి శ్రేయ వచ్చింది. చేతుల గాజులు పైకి తోసుకుని, నాలుగు వేళ్ళూ గిన్నెలో పెట్టబోయింది.

ఊర్మిళ ఎప్పుడు లేచిందో, ఎలా అంత దూరం వచ్చిందో ఆమెకే తెలియదు. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని వెనక్కి గుంజింది.

“ఛీ! తియ్యే చెయ్యి! దాని పొట్టంత అండ్లనే పడ్డది!”

మాట నోట్లోంచి జారాక వెనక్కి తీసుకునే దారి లేదు. పందిట్లో అందరూ విన్నారు. పందిరి గుంజకు మామిడాకులు కడుతున్న ఉపేందర్ విన్నాడు, చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. పెద్దవ్వ “నారాయణా” అని కళ్ళు మూసుకుంది. ఇంతసేపూ గరిక చాటున దాక్కున్న ఆడవాళ్ళే ఇప్పుడు బుగ్గలు నొక్కుకుంటూ, “అయ్యో, గట్లంటదా మేనత్తయి ఉండి!” అన్నారు. అది విని ఊర్మిళకు వాళ్ళ మీద అసహ్యం ముంచుకొచ్చింది. చాప వెనక్కి లాక్కున్నది వాళ్ళు కాదా? పిల్లలను గిల్లింది వాళ్ళు కాదా? అయినా ఏం లాభం, పైకి అన్నది తాను. అంతమంది రోత ఒక్కదాని నోట్లోంచి బయటికి వచ్చింది.

“నువ్వు చేసిందే గద మమ్మీ” అంది శ్రేయ మెల్లగా. “దీన్నే గద దునియాకు అమ్ముతున్నవు.”

“గది వేరే, గిది వేరే...”

“ఏంది వేరే? వదిన ఒంటికి తగిలిందని వేరేనా? ఫోటో పెట్టినప్పుడు రోత అనిపించలేదా?”

ఊర్మిళ వేళ్ళు సడలిపోయాయి. శ్రేయ చెయ్యి విడిపించుకుంది. గిన్నెలోంచి దోసెడు తీసుకుని రెండు బుగ్గలకూ, మెడకూ పూసుకుని, పీట పక్కనే నేల మీద కూర్చుంది. “వదినా, ఈ ఏడే నాకు సంబంధం రావాలె. రాకపోతే మా అన్న నరేందర్‌ను పట్టుకుంట, నీ పెండ్లి దోషమే అని” అంది. శైలజ నవ్వబోయింది. ఒక నలుగుబొట్టు తన వేలితో తీసి మరదలి నుదుట పెట్టింది.

నీళ్ళు కాగాయి. మొదటి చెంబు పోయవలసింది మళ్ళీ మేనత్తే. రాణి చెంబు తెచ్చి ఊర్మిళ ముందు పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని ఊర్మిళకు అనిపించింది.

పెరట్లో తడికల చాటున శైలజ చిన్న పీట మీద ఒంటరిగా కూర్చుని ఉంది. వీపు ఇటు తిరిగి ఉంది. అప్పుడు చూసింది ఊర్మిళ. మోచేతుల నిండా, వీపు నిండా గరిక గీసిన గీరలు. కొన్నిచోట్ల బిళ్ళలు చిట్లి రక్తం చుక్కలుగా వచ్చి, తెల్లటి ఓట్స్ మీద గులాబీ రంగుగా కారింది. మంట తగ్గించడానికని చేసిన నలుగుతోనే అందరూ కలిసి పిల్ల ఒళ్ళు గీకి పెట్టారు. ఊర్మిళకు రోత పుట్టింది. ఈసారి అది ఆ చర్మాన్ని చూసి కాదు. ఆ గడ్డి కోసింది, కట్టింది, ముంచింది తన చేతులే.

“బిడ్డా...” అంది.

శ్రేయ పూసుకోగా గిన్నెలో అడుగున ఇంకా కొంచెం ఉంది. ఊర్మిళ చెంబు కింద పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆ జిగురులో చెయ్యి ముంచింది. చల్లగా, సాగుతూ, పులిసిన పాల వాసనతో అది వేళ్ళకు చుట్టుకుంది. అందులో సన్నటి పొట్టు కనబడుతూనే ఉంది. గొంతులోకి ఏదో ఎగదన్నింది. పళ్ళు బిగించి మింగేసింది. మింగి, ఒక్కొక్క అడుగే వేసి, ఆ చెయ్యి తీసుకెళ్ళి శైలజ భుజం మీద, గీరలు పడ్డచోట, మెత్తగా ఆనించింది.

భుజం చటుక్కున ముడుచుకుపోయింది. చల్లటిదేదో మీద పాకినట్టు, మెడ నుంచి నడుము దాకా శైలజ ఒళ్ళంతా జలదరించింది. ఆమె తల తిప్పింది. ముక్కుపుటాలు బిగిశాయి, పెదవులు లోపలికి వెళ్ళాయి, ఊపిరి ఆగిపోయింది, చూపు పక్కకు తప్పుకుంది. ఆ మొహం ఊర్మిళకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ లోపలి నుంచి తాను మోసిన మొహమే అది. ఎదురుగా నిలబడి చూడడం ఇదే మొదలు.

“మంటగున్నదా బిడ్డా? నేను మెల్లగ పెడ్త...”

“మంటగాదు అత్తమ్మా” అంది శైలజ. కోపంగా కూడా అనలేదు. “నీ చెయ్యి తియ్యి. నాకు ఎట్లనో అయితున్నది.”

ఊర్మిళ చెయ్యి తీసింది.

“నీళ్ళు పొయ్యి, సాలు. జర దూరం నుంచి పొయ్యి.”

ఊర్మిళ రెండడుగులు వెనక్కి జరిగి, చెంబు అందుకుని, చెయ్యి చాచి పైనుంచి పోసింది. ఆమె చెంబు దించి ఇంకా వెనక్కి, తడిక దాకా జరిగేవరకూ శైలజ బిగబట్టిన ఊపిరి వదలలేదు.